ఆగిన గోడ గడియారం: స్క్రూడ్రైవరు పట్టే ముందూ, పట్టిన తర్వాతా

పాత ఇంటి హాల్లో ఆగిపోయిన గోడ గడియారాన్ని బాగు చేద్దామని కూర్చునేవాళ్ళు ముందుగా అందుకునేది స్క్రూడ్రైవరునే. ఇక్కడ మాత్రం స్క్రూడ్రైవరు దాకా రావడానికి కాస్త సమయం పడుతుంది, ఓపిక పట్టండి. ఆగిన గడియారాల్లో చాలావాటికి లోపల విరిగింది ఏమీ ఉండదు. గోడ మీద ఒరిగి ఉండటం, ముళ్ళు ఒకదానికొకటి తగలడం, నూనె ఎండి జిగురు కట్టడం, ఆ జిగురులో దుమ్ము చేరడం, సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటో రెండో కారణాలు ఉంటాయి. ఖర్చు లేని కారణంతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే కాదని తేల్చుకుంటూ లోపలికి వెళ్ళాలి. యంత్రం ప్లేట్లు విడదీయడం అన్నిటికంటే చివరి పని. చాలాసార్లు అక్కడిదాకా వెళ్ళనక్కర్లేదు.

నేను చెబుతున్నది లోలకం ఊగుతూ, గంటలు కొట్టే ఎనిమిది రోజుల గడియారాల గురించి, అంటే ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేవి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాత మిద్దెల్లో అమెరికా నుంచి వచ్చిన ఆన్సోనియా, సేత్ థామస్, జర్మనీ జంఘాన్స్, జపాన్ సీకోషా లాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. డయల్ మీద రెండు కీ రంధ్రాలుంటే కుడి వైపుది చాలావరకు టైంది, ఎడమ వైపుది గంటలది. అలారం టైంపీసులకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో లోలకం బదులు వెంట్రుకంత సన్నని స్ప్రింగు చుట్టిన చక్రం ఉంటుంది. అది ఒక్కసారి వంగిందంటే ఇంట్లో సరిచేసుకోలేరు.

పనిముట్లు

హార్డ్‌వేర్ షాపులో, మందుల షాపులో, వంటింట్లో దొరికేవే చాలు. చిన్నా పెద్దా రెండు స్క్రూడ్రైవర్లు కావాలి. వాటి మూతి స్క్రూ గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి, మందంగా ఉంటే ఆకురాయితో రాసి సన్నం చేసుకోండి. జారిన స్క్రూడ్రైవరు ఇత్తడి ప్లేటు మీద గీసిన గీత ఇక పోదు. సన్న మూతి ప్లయరు, భూతద్దం, టార్చి, అర అంగుళం పెయింటు బ్రష్, పాత టూత్ బ్రష్, వెదురు పుల్లలు, ఉతికిన నూలు గుడ్డలు, మందపాటి తోలు గ్లవ్స్, కళ్ళద్దాలు సిద్ధం చేసుకోండి. నూనె వేయడానికి ఇన్సులిన్ సిరంజీని మించింది లేదు. మోటారు పైపులకు బిగించే హోస్ క్లిప్పులు రెండు, తాపీ మేస్త్రి వాడే రసమట్టం ఒకటి తెచ్చుకోండి. విప్పిన స్క్రూలు వేయడానికి తెల్లటి పళ్ళెం పెట్టుకోండి. పూల డిజైను పళ్ళెంలో చిన్న స్క్రూ పడితే వెతకలేక విసుగొస్తుంది.

మొదటి పని: గోడ మీద ఉండగానే వినండి

కీ ఇవ్వండి, లోలకాన్ని చేత్తో ఒక పక్కకు జరిపి వదలండి, కళ్ళు మూసుకుని వినండి. టిక్, టాక్ మధ్య ఎడం రెండు వైపులా సమానంగా ఉండాలి. 'టిక్-టాక్... టిక్-టాక్' అని కుంటుతూ వినిపిస్తే, రెండు శబ్దాలు దగ్గరగా వచ్చి ఆ తర్వాత ఎక్కువ ఎడం వస్తే, గడియారం నాలుగైదు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. యంత్రంలో ఏ లోపం లేకున్నా ఆగుతుంది.

ఇప్పుడు పెట్టె కింది అంచు పట్టుకుని కొంచెం ఎడమకు, కొంచెం కుడికి జరుపుతూ వింటూ ఉండండి. ఎక్కడో ఒకచోట శబ్దం సమానమవుతుంది. అక్కడ గోడ మీద పెన్సిలుతో గీత పెట్టండి. పెట్టె నిటారుగా ఉన్నప్పుడే శబ్దం సమానంగా ఉంటే అదృష్టం. కాస్త ఒరిగినప్పుడు సమానమైతే ప్రస్తుతానికి అలాగే నడవనివ్వండి, సరిచేసే ఉపాయం తర్వాత చెబుతాను. చూపుకు వంకరగా ఉన్నా శబ్దం సమానంగా ఉన్న గడియారం నడుస్తుంది. రసమట్టం చూసి నిలబెట్టినా శబ్దం కుంటితే నడవదు.

మేకును కూడా చూడండి. సున్నపు గోడల్లో పాత మేకులు వదులవుతాయి. లోలకం ఊగుతుంటే పెట్టె కూడా సన్నగా కదులుతోందా అని అంచు మీద వేలు పెట్టి చూడండి. కదులుతుంటే లోలకానికి అందాల్సిన బలం పెట్టె ఊగడానికే సరిపోతోందన్న మాట. ప్లగ్గు వేసి స్క్రూ బిగించండి, పెట్టె కింది మూలల వెనుక చిన్న చెక్క ముక్కలు పెట్టి గోడకు ఆనించండి. వాన చెమ్మ దిగే గోడ, నేరుగా ఫ్యాను గాలి తగిలే గోడ వద్దు.

ఇక్కడే ఒక అపోహ సంగతి చెప్పాలి. 'కీ ఎక్కువ ఇచ్చేశారు, అందుకే బిగిసిపోయింది' అని ఇంట్లో ఎవరో ఒకరి మీద నింద పడుతుంది, ఎక్కువగా పిల్లల మీద. స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నంత మాత్రాన గడియారం ఆగదు. చివరిదాకా కీ ఇచ్చాక కూడా నడవలేదంటే, అంత బలాన్నీ మింగేసే మురికి లోపల ఉంది. పిల్లలను వదిలేయండి.

రెండో పని: ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి

ఇది ఎవరూ చేయరు కానీ సగం రోగం ఇక్కడే తెలిసిపోతుంది. గడియారం ఆగిన ప్రతిసారీ ముళ్ళు ఎక్కడున్నాయో కాగితం మీద రాయండి.

రెండు ముళ్ళు ఒకదాని మీదికొకటి వచ్చే చోట, అంటే పన్నెండు దగ్గరో, ఆరున్నర దాటాకో ఆగుతుంటే అవి ఒకదానికొకటి తగులుతున్నాయి. పక్క నుంచి టార్చి వేసి చూడండి. చిన్న ముల్లుకూ డయల్‌కూ మధ్య, రెండు ముళ్ళకూ మధ్య, పెద్ద ముల్లుకూ అద్దానికీ మధ్య వెలుతురు కనబడాలి. వేలితో సుతారంగా వంచితే సరిపోతుంది.

ప్రతిసారీ గంట కొట్టడానికి కొన్ని నిమిషాల ముందు ఆగుతుంటే కారణం వేరే. ఆ సమయంలో టైం చక్రాలు గంటల వైపు ఉండే లీవరును పైకి ఎత్తుతుంటాయి. లీవరు ఇరుసు జిగురు పట్టి బిగుసుకుంటే దాన్ని ఎత్తేంత బలం టైం వైపు మిగలదు. అంటే రోగం గంటల వైపు ఉంది, ఆగేది మాత్రం టైం. ప్రతి గంటా ఒకే నిమిషం దగ్గర ఆగితే పెద్ద ముల్లు తిరిగే మధ్య చక్రంలో వంగిన పన్నో, ఇరుక్కున్న పురుగో ఉంటుంది. సమయమంటూ లేకుండా ఎక్కడ పడితే అక్కడ ఆగితే అది మురికి, లేదా మొదట చెప్పిన కుంటి నడక.

మూడో పని: యంత్రాన్ని బయటికి తీయడం

ముందు లోలకం తీయండి. దాన్ని వేలాడదీసే పలుచని ఉక్కు రేకు పైన ఉంటుంది. కాగితమంత మందం ఉంటుంది, కానీ గడియారం నడక అంతా దాని మీదే. లోలకం తగిలించి ఉండగానే గడియారాన్ని మోసుకెళ్ళితే మొదట మడత పడేది అదే. మడత పడిన రేకును నిఠారు చేసి వాడకండి, లోలకం అడ్డదిడ్డంగా వణుకుతుంది. కొత్తది పెద్ద ఖరీదేమీ కాదు, అదే పొడవు, అదే మందం ఉన్నది వేయండి.

పెద్ద ముల్లు మధ్యలో చిన్న పిన్నో, నట్టో ఉంటుంది. అది తీస్తే పెద్ద ముల్లు వస్తుంది. చిన్న ముల్లు చాలా గడియారాల్లో బిగుతుగా గుచ్చి ఉంటుంది, మెల్లగా తిప్పుతూ ముందుకు లాగండి. డయల్ కాగితానిదైతే తడిగుడ్డ తగలనివ్వకండి, అంకెలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. కింది అద్దం మీద బంగారు రంగు పూలుంటే అవి అద్దానికి లోపలి వైపు వేసిన రంగులు. అటు వైపు తుడవకండి.

ఇప్పుడు ఫోనుతో ఫోటోలు తీసుకోండి. ముందు నుంచి, రెండు పక్కల నుంచి, పై నుంచి. ఏ తీగ దేని మీదుగా వెళ్తోందో కనబడేలా తీయండి. నాకు గుర్తుంటుంది అనుకోవద్దు, ఎవరికీ గుర్తుండదు.

ఇక స్ప్రింగు. ఈ మొత్తం పనిలో ప్రమాదం అంటూ ఉన్నది ఇక్కడే కాబట్టి తొందర పడకండి. అమెరికా గడియారాల్లో చాలావాటికి స్ప్రింగు బయటికి కనబడుతూ ఉంటుంది. జర్మనీవాటిలో చాలావాటికి గుండ్రటి ఇత్తడి డబ్బాలో ఉంటుంది. డబ్బాను ఇంట్లో తెరవకండి, తెరిచే పని మనకు లేదు కూడా.

కీ తిప్పుతుంటే కటకటమని మోగేది పళ్ళచక్రం మీద పడే చిన్న కొక్కెం. స్ప్రింగు వెనక్కి తిరగకుండా ఆపి ఉంచేది అదే. గ్లవ్స్ వేసుకుని కీని గట్టిగా పట్టుకోండి. కొంచెం ముందుకు తిప్పితే కొక్కెం మీద బరువు పోతుంది. రెండో చేత్తో స్క్రూడ్రైవరు మొనతో కొక్కేన్ని పైకి ఎత్తి పట్టుకుని, కీని అర చుట్టు మాత్రం వెనక్కి రానివ్వండి. మళ్ళీ కొక్కెం పళ్ళలో పడనివ్వండి. చేయి మార్చి పట్టుకోండి. మళ్ళీ అర చుట్టు. కీలో బలం పూర్తిగా పోయేదాకా ఇలాగే. కీ చేతిలోంచి జారితే వేళ్ళ మీద దెబ్బ గట్టిగానే తగులుతుంది, చక్రం పళ్ళు కూడా విరగొచ్చు.

బయటికి కనబడే స్ప్రింగైతే బలం తీసే ముందు ఇంకో పని ఉంది. స్ప్రింగు బాగా చుట్టుకుని ఉన్నప్పుడే హోస్ క్లిప్పును విప్పి, దాని చుట్టూ తొడిగి, బిగించండి. తర్వాత బలం తీస్తే స్ప్రింగు క్లిప్పు మేరకే వ్యాకోచిస్తుంది. లేకపోతే విచ్చుకుని పక్క చక్రాల మీదికి వచ్చి, శుభ్రం చేయడానికి చోటు లేకుండా చేస్తుంది. రెండు స్ప్రింగులకూ ఇదే పద్ధతి. చివరికి ఒక చక్రాన్ని పుల్లతో కదిపి చూడండి, వదులుగా అటూ ఇటూ ఆడితే బలం పోయినట్టు. అప్పుడు గానీ యంత్రం నాలుగు స్క్రూలు విప్పకండి.

స్ప్రింగులో బలం ఉండగా పాలెట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు. పాలెట్ అంటే పైన అటూ ఇటూ ఊగుతూ, పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నే వదిలే లంగరు లాంటి ముక్క. అది తీసిన మరుక్షణం చక్రాలన్నీ రంయ్యిమని తిరిగి పళ్ళు రాలగొట్టుకుంటాయి.

నాలుగో పని: భూతద్దం పెట్టి చూడటం

ఇత్తడి ప్లేటులో ప్రతి ఇరుసు మొన ఒక చిన్న రంధ్రంలో తిరుగుతుంది. ఆ రంధ్రం చుట్టూ ఏముందో చూడండి.

నల్లటి పేస్టు లాంటిది ఉంటే నూనె, దుమ్ము, అరిగిన లోహం కలిసిపోయిన ముద్ద. చీమకుర్తి గ్రానైటు క్వారీల చుట్టుపక్కల ఊళ్ళు, మార్కాపురంలో పలకలు కోసే ప్రాంతం నుంచి వచ్చే గడియారాల్లో ఈ ముద్ద గరుకుగా ఉంటుంది. రాతి పొడి నూనెలో కలిస్తే సానపట్టే మందులా ఇరుసును అరగదీస్తుంది. ఆకుపచ్చగా ఉంటే ఎవరో కొబ్బరి నూనెనో, ఆముదమో వేశారు. అది ముక్కిపోయి ఇత్తడిని తింటోంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ళలో వచ్చే రోగం ఇంకొకటి, ఉక్కు భాగాల మీద ఎర్రటి తుప్పు. ఉప్పు గాలి పెట్టె సందుల్లోంచి వచ్చి ముందు స్ప్రింగునూ, ఇరుసు మొనలనూ పట్టుకుంటుంది. ఇక్కడ వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి ఏటా ఆ మూడు నెలలే తుప్పుకు పండగ.

అరుగుదల కనిపెట్టడానికి ఒక పరీక్ష. స్ప్రింగు దగ్గరి పెద్ద చక్రాన్ని వేలితో కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తోస్తూ, ఒక్కో ఇరుసు మొననే భూతద్దంలో చూడండి. మొన తన చోటే తిరగాలి. పక్కకు జరిగి మళ్ళీ వెనక్కి వస్తుంటే రంధ్రం గుండ్రదనం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి సాగింది. కొద్దిగా అయితే శుభ్రం చేసి నూనె వేస్తే ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. ఎక్కువగా జరుగుతుంటే ఆ రంధ్రంలో కొత్త బుష్, అంటే ఇరుసు మొన తిరిగే చిన్న లోహపు గొట్టం, వేయాలి, అది అనుభవం ఉన్న మెకానిక్కు పని. కొందరు రంధ్రం చుట్టూ పంచితో గుద్ది లోహాన్ని లోపలికి జరుపుతారు. ఆ గుద్దిన చుక్కలు మీ గడియారం మీద ఇప్పటికే ఉండొచ్చు. అది మరమ్మతు కాదు. రంధ్రం ఒక పక్కే బిగుస్తుంది, కొన్నాళ్ళకు మళ్ళీ అరుగుతుంది, తర్వాత బుష్ వేయడం కూడా కష్టమవుతుంది.

ఐదో పని: కడగడం

ముందు వద్దన్నవి చెబుతాను. చింతపండు వద్దు. దేవుడి దగ్గరి ఇత్తడి కుందులు చింతపండుతో తళతళలాడతాయి కాబట్టి గడియారం ప్లేట్లూ అలాగే తోముదామనిపిస్తుంది. కుందిని కడిగి తుడిస్తే పులుపు పోతుంది. ఇక్కడ ఇరుసు రంధ్రాల్లోకీ, స్ప్రింగు చుట్ల మధ్యకూ వెళ్ళిన పులుపును తీసే మార్గం లేదు, లోపల కూర్చుని ఉక్కును తుప్పు పట్టిస్తుంది. పైగా గడియారం లోపలి ఇత్తడి మెరవాల్సిన అవసరం ఏముంది? తుప్పు వదిలించే స్ప్రే కొట్టి చేతులు దులుపుకోవడమూ వద్దు. ఆ రోజుకు నడుస్తుంది. తర్వాత అదే ఎండి, పాత జిగురుతో కలిసి ఇంకా గట్టి జిగురవుతుంది.

పెయింటు షాపులో దొరికే టర్పెంటైన్ ఒక లీటరు తెచ్చుకోండి. వంటకు మళ్ళీ వాడని స్టీలు గిన్నె తీసుకుని వరండాలో కూర్చోండి. పొయ్యి, దీపం, బీడీ ఏదీ దగ్గర ఉండకూడదు. పెట్రోలుతో త్వరగా వదులుతుంది కానీ ఇంట్లో ఆ పని చేయమని నేను చెప్పను.

బలం తీసేసిన యంత్రాన్ని ప్లేట్లు విడదీయకుండానే టర్పెంటైన్‌లో ముంచి ఒక గంట వదిలేయండి. తర్వాత బ్రష్‌తో చక్రాల పళ్ళ మధ్య, చక్రాల పక్కనుండే చిన్న పళ్ళ గొట్టాల మధ్య రుద్దండి. జిగురు ఎక్కువగా ఆ గొట్టాల పళ్ళ సందుల్లోనే గట్టిపడి ఉంటుంది, వెదురు పుల్లను చాకుతో ఉలి మొనలా చెక్కి ఒక్కో సందునూ గీకండి. ఇంకో పుల్లను సూదిలా చెక్కి ప్రతి ఇరుసు రంధ్రం దగ్గరా పెట్టి తిప్పండి. పుల్ల మొన నల్లగా వస్తుంది. చెక్కి మళ్ళీ తిప్పండి. మొన తెల్లగా వచ్చేదాకా ఇదే పని. విసుగ్గా అనిపిస్తుంది కానీ ఈ మొత్తం మరమ్మతులో ఫలితం ఇచ్చేది ఇదే. ముందు ప్లేటూ వెనక ప్లేటూ, రెండూ చేయాలి.

మురికి టర్పెంటైన్ పారబోసి, శుభ్రమైనదానిలో ఇంకోసారి ముంచి తీయండి. నూలు గుడ్డతో అద్ది, హెయిర్ డ్రయ్యరుతో గానీ ఎండలో గానీ ఆరబెట్టండి. మన ఎండలకు రెండు గంటలు చాలు. తడిసిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకుండా బయట పరిచి ఆరవేయండి.

ప్లేట్లు విడదీసి ఒక్కో చక్రాన్నీ విడిగా కడిగితే ఇంకా బాగుంటుంది, కాదనను. కానీ మొదటిసారి చేసేవాళ్ళు గంటల వైపు లీవర్లను మళ్ళీ సరైన చోట కూర్చోబెట్టలేక సంచిలో వేసుకుని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తాల్సి వస్తుంది. అలా విడి ముక్కలుగా వచ్చిన గడియారమంటే మెకానిక్కుకూ విసుగే.

ఆరో పని: నూనె, అదీ ఎంత?

గడియారాల నూనె అని విడిగా దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో చిన్న సీసా తెప్పించుకోండి. కుట్టు మిషను నూనె పలుచన, పాకిపోతుంది, త్వరగా ఆరిపోతుంది. ఏమీ దొరకనప్పుడు అది పరవాలేదు. కొబ్బరి నూనె ఎందుకు వద్దో ఆకుపచ్చ మురికి చూసినప్పుడే తెలిసిపోయి ఉంటుంది. పైగా చలికాలం తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టే నూనె ఇరుసు దగ్గర మాత్రం ఎలా పలుచగా ఉంటుంది?

ఇరుసు రంధ్రం చుట్టూ చిన్న గుంట ఉంటుంది. ఆ గుంట సగం పైన నిండితే చాలు, పొంగకూడదు. పొంగిన చుక్క ప్లేటు మీద పాకుతూ తనతో పాటు రంధ్రంలోని నూనెను కూడా లాక్కుపోతుంది. అందుకే ఎక్కువ పోసిన ఇరుసే ముందు ఎండిపోతుంది. పాలెట్ రెండు కొసలకూ, పళ్ళచక్రం తగిలే చోట, సూది మొనంత నూనె. లోలకాన్ని నెట్టే తీగ కొనకు ఒక తడి. బయటికి కనబడే స్ప్రింగుకు చిక్కటి నూనె, చుట్ల అంచు మీద రెండు మూడు చుక్కలు.

చక్రాల పళ్ళకు నూనె వేయకండి. ఇది చెబితే ఎవరూ నమ్మరు, పళ్ళు ఒరుసుకుంటాయి కదా అంటారు. గడియారం పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లేలా చెక్కి ఉంటాయి, వాటికి నూనె అక్కర్లేదు. వేస్తే ఇంట్లోని దుమ్మంతా వచ్చి అక్కడ అంటుకుంటుంది.

ఏడో పని: మళ్ళీ బిగించి, నడక సరిచేయడం

యంత్రాన్ని పెట్టెలో బిగించండి. కీ కొంచెం ఇచ్చి స్ప్రింగు చుట్టుకోగానే హోస్ క్లిప్పు తీసేయండి. క్లిప్పు మరిచిపోయి పెట్టె మూసేసేవాళ్ళు ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. డయల్, ముళ్ళు పెట్టకముందే లోలకం తగిలించి ఒక రోజు నడవనివ్వండి.

పెట్టెను రసమట్టంతో నిటారుగా నిలపండి. శబ్దం కుంటుతుంటే పెట్టె ఏ పక్కను ఎత్తితే సమానమవుతోందో చూడండి. ఎడమ పక్కను ఎత్తితే సమానమైందనుకుందాం. అప్పుడు పాలెట్ నుంచి కిందికి దిగి లోలకాన్ని నెట్టే సన్న తీగ ఉంటుంది కదా, దాని కింది కొనను ఎడమ వైపుకే కొద్దిగా వంచాలి. ఏ పక్క ఎత్తాల్సి వచ్చిందో ఆ పక్కకే వంచాలన్నది గుర్తు. వంచేటప్పుడు తీగ పై భాగాన్ని ప్లయరుతో కదలకుండా పట్టుకోండి, ఆ బలం పాలెట్ ఇరుసు మీద పడకూడదు. వెంట్రుకవాసి వంచండి, వినండి, మళ్ళీ వంచండి. తీగ కొనలోని కన్నంలో లోలకం కడ్డీ కొంచెం వదులుగా ఆడాలి. మరీ వదులైతే బలం వృథా, బిగుతైతే లోలకం ఆగుతుంది.

ఎనిమిదో పని: టైం కుదర్చడం

లోలకం బిళ్ళ కింద నట్టు ఉంటుంది. బిళ్ళ పైకి వెళ్తే గడియారం తొందరగా, కిందికి దిగితే నెమ్మదిగా నడుస్తుంది. ఎంత తిప్పాలి? ఒక ఊపు అటూ ఇటూ పూర్తవడానికి ఒక సెకను పట్టే లోలకం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. అంత పొడవు లోలకంలో బిళ్ళను ఒక్క మిల్లీమీటరు జరిపితే రోజుకు దాదాపు 3 నిమిషాలు తేడా వస్తుంది. కాబట్టి చివర్లో సవరణలు పావు చుట్టు, అర చుట్టు మించకూడదు.

ప్రతి ఆదివారం ఒకే సమయానికి కీ ఇవ్వండి. కొత్తగా కీ ఇచ్చినప్పుడు స్ప్రింగు బలంగా ఉంటుంది, వారం చివరికి తగ్గుతుంది, ఆ మేరకు నడక కొంచెం మారుతుంది. సోమవారం చూసి 'ముందుకు పోతోంది' అని, శనివారం చూసి 'వెనకబడింది' అని నట్టు తిప్పుతూ పోతే ఎప్పటికీ కుదరదు. ఆదివారం నుంచి ఆదివారానికి ఫోనులో టైంతో పోల్చి, తేడాను ఏడుతో భాగించి, అప్పుడే నట్టు ముట్టుకోండి. రోజుకు అర నిమిషం తేడా వస్తే ఇలాంటి గడియారానికి అది మంచి నడకే. రోహిణీ కార్తెలో ఇంకొంచెం వెనకబడితే కంగారు వద్దు. లోలకం కడ్డీ ఇత్తడిదైతే 10 డిగ్రీల వేడి పెరిగితే సాగి రోజుకు సుమారు 8 సెకన్లు తగ్గుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా 'ఎండను బట్టి చూస్తే ఇంకా పన్నెండు కాలేదు' అంటే వాళ్ళు తప్పు చెప్పడం లేదు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, నెల్లూరు ఉన్నది సుమారు 80 డిగ్రీల దగ్గర. మన నడినెత్తికి సూర్యుడు రావడం సగటున పది నిమిషాలు ఆలస్యం. 1906లో ఈ ప్రామాణిక కాలం రాకముందు ఇటు వైపు రైళ్ళు నడిచిన మద్రాసు టైం దీనికంటే సుమారు తొమ్మిది నిమిషాలు వెనక ఉండేది.

గంటలు తప్పు కొడుతుంటే

రెండైతే ఐదు కొడుతోందా? పాత అమెరికా గడియారాల్లో చాలావాటికి లోపల ఎడం ఎడంగా గాళ్ళు కోసిన ఒక చక్రం ఉంటుంది. అది పన్నెండు గంటల్లో ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా 78 దెబ్బలు లెక్కపెడుతుంది. ముల్లు ఎక్కడుందో దానికి తెలియదు, దాని వరస దానిదే. మధ్యలో గంటల వైపు కీ అయిపోయి కొట్టడం మానేసినా, టైం వైపు ముళ్ళు ముందుకు పోతూనే ఉంటాయి, అక్కడే తేడా వస్తుంది. సులువైన దారి ఏమిటంటే, పెద్ద ముల్లును పన్నెండు మీదికి తెచ్చి అది ఎన్ని కొడుతుందో లెక్కపెట్టండి. ఐదు కొడితే, బిగుతుగా గుచ్చి ఉన్న చిన్న ముల్లును వేలితో ఐదు మీదికి తిప్పండి. ఆ తర్వాత పెద్ద ముల్లును ముందుకే తిప్పుతూ, ప్రతి గంట దగ్గరా, అర గంట కొట్టేదైతే అక్కడ కూడా, పూర్తిగా కొట్టనిచ్చి అసలు టైంకు తీసుకురండి. పెద్ద ముల్లును పన్నెండు దాటించి వెనక్కి తిప్పకండి, లోపలి లీవర్లు వంగుతాయి.

గంటలు కొట్టడం ఇంట్లో ఎవరికైనా నిద్రాభంగమైతే ఎడమ వైపు కీ ఇవ్వడం మానేయండి, చాలా గడియారాలు టైం మాత్రం చూపిస్తూ నడుస్తాయి. సుత్తికి గుడ్డ చుట్టడం, తీగ వంచేయడం అక్కర్లేదు.

ఇన్ని చేసినా ఆగుతూనే ఉంటే రంధ్రాల అరుగుదలే కారణం కావచ్చు, ఇక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే. గడియారాన్ని బస్సులో తీసుకెళ్ళేటప్పుడు లోలకం తీసి విడిగా కాగితంలో చుట్టండి, పాలెట్ నుంచి దిగే తీగ ఊగకుండా దారంతో కట్టండి, పెట్టెను నిలబెట్టి ఒళ్ళో పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు ఏ రంధ్రాల్లో ఇరుసు పక్కకు జరుగుతోందో మీరు చూసినవి చెప్పండి, పంచితో గుద్దకుండా బుష్‌లు వేయమని ముందే అడగండి. లోపల యంత్రం తీసేసి బ్యాటరీ మిషను పెట్టిస్తానంటే ఒప్పుకోకుండా గడియారం వెనక్కి తెచ్చుకోండి.